చెరిపే ముందు చదువుదాం

డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో నారింజ రంగు దీపం వెలిగితే అమెరికాలో చాలామంది ముందు కోడ్ ఏమిటో తెలుసుకుంటారు. ఇంట్లో చిన్న రీడర్ ఉంటే స్టీరింగ్ కింద సాకెట్‌లో పెట్టి చూస్తారు. లేకపోతే స్పేర్ పార్టుల దుకాణం ముందు ఆగి అడుగుతారు. మనం మెకానిక్‌కి ఫోన్ చేసి "అన్నా, చెక్ ఇంజిన్ లైట్ వచ్చింది" అంటాం. "తీసుకురండి సార్, చూద్దాం" అంటాడాయన. సాయంత్రానికి లైట్ ఆరిపోయి బండి ఇంటికొస్తుంది. ఏ కోడ్ వచ్చింది, ఎందుకొచ్చింది, పోయింది లోపమా లేక దీపమా అన్న సంగతి చాలాసార్లు మనమూ అడగం, ఆయనా చెప్పడు.

దీనికి పరికరం లేకపోవడం కారణం కాదు. ఆన్‌లైన్‌లో అయిదారు వందల రూపాయలకే కోడ్ చదివే అడాప్టర్ దొరుకుతోంది. దాన్ని పెట్టే సాకెట్టూ మన కార్లలో ఉంది. అమెరికాలో ఆ రెండింటి చుట్టూ ఒక పద్ధతి పెరిగింది, మన దగ్గర అది ఇంకా పెరగలేదు. ఇంటికి చవకలో ఒక కోడ్ రీడర్ కొనాలనుకునేవారు ముందు ఆ పద్ధతిని గమనిస్తే, ఏది కొనాలో, దేనికి డబ్బు పెట్టనక్కర్లేదో దానంతటదే తేలుతుంది.

ఆ సాకెట్‌ని మొదట అడిగింది గాలిని శుభ్రం చేయాలనుకున్నవాళ్ళు. లాస్ ఏంజెలెస్ మీద కమ్ముకునే వాహనాల పొగతో దశాబ్దాలు పోరాడిన కాలిఫోర్నియా, 1988 మోడళ్ళ నుంచి కారు తన కాలుష్య నియంత్రణ భాగాల్లో లోపాన్ని తనే కనిపెట్టి దీపం వెలిగించాలని నిబంధన పెట్టింది. అప్పట్లో ఒక్కో కంపెనీది ఒక్కో సాకెట్, ఒక్కో భాష. రెండో తరం నిబంధన ఆ గందరగోళాన్ని తీర్చింది. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ ఒకే ఆకారంలో 16 పిన్నుల సాకెట్, ఒకే రకం కోడ్‌లు తప్పనిసరి అయ్యాయి. దాని పేరే ఓబీడీ-2. యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001లో, డీజిల్ కార్లకు ఆ తర్వాత ఇలాంటి నియమమే వచ్చింది.

మన దేశంలో బీఎస్-4 కాలుష్య ప్రమాణం పాటించే కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరి. బీఎస్-4 హైదరాబాద్ లాంటి పెద్ద నగరాలకు 2010లోనే వచ్చినా, దేశమంతటా అమలైంది 2017 ఏప్రిల్‌లో. బీఎస్-6 2020 ఏప్రిల్ 1 నుంచి. కాబట్టి మీ కారు గత ఏడెనిమిదేళ్ళలో కొన్నదైతే ఏ సందేహమూ అక్కర్లేదు. అంతకు ముందుదైతే, ముఖ్యంగా బీఎస్-3 బండి అయితే, సాకెట్ ఉన్నా చవక రీడర్‌తో మాట కలవకపోవచ్చు. కొనే ముందు అదే మోడల్ ఉన్నవారి రీడర్ ఒకసారి పెట్టి చూడటం మంచిది. చట్టం విషయంలో మనం అమెరికాకన్నా పదిహేడేళ్ళు వెనక. అయినా అదే సాకెట్, అవే కోడ్‌లు కాబట్టి అక్కడివాళ్ళు నేర్చుకున్నదంతా ఇక్కడా పనికొస్తుంది.

అక్కడ ఈ అలవాటు పెరగడానికి మొదటి కారణం కూలీ. గ్యారేజీలో గంట పనికి వంద డాలర్లు దాటడం మామూలు. డీలర్ దగ్గర లోపం కనుక్కోవడానికే విడిగా బిల్లు వేస్తారు. అందుకే 20 నుంచి 40 డాలర్లు పెట్టి ఇంట్లో ఒక రీడర్ ఉంచుకుంటారు. ఆటోజోన్, ఓరైలీ లాంటి స్పేర్ పార్టుల దుకాణాలు చాలా రాష్ట్రాల్లో ఉచితంగా కోడ్ చదివి పెడతాయి. కొన్ని ఊళ్ళ గ్రంథాలయాలు పుస్తకాలతో పాటు కోడ్ రీడర్లనూ అరువిస్తాయి. ఇక్కడ కూలీ తక్కువ, మెకానిక్ షెడ్డు వీధి చివరే ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లో అడుగుపెడితే దొరకని పార్టు, దొరకని పనివాడు ఉండరు. ఆ సౌకర్యం వల్లే బండి గురించి మనం తెలుసుకోవాల్సిన అవసరం పడలేదు. అయితే ఇప్పుడు కారులో సెన్సార్లు, కంప్యూటర్లు పెరిగాయి. చెవితో విని, చేత్తో తాకి పట్టుకునే లోపాలతో పాటు కంప్యూటర్ చెబితేనే తెలిసే లోపాలూ పెరిగాయి. జ్వరం ఎంతుందో ఇంట్లో చూసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళినట్టు, కోడ్ చూసుకుని షెడ్డుకి వెళ్ళడం ఇప్పుడు మనకూ అవసరమే.

ఇక ఏది కొనాలి? అక్కడి అనుభవజ్ఞులు ఈ పరికరాలను పనినిబట్టి మూడు తరగతులుగా చూస్తారు. మొదటిది, సొంత తెర, వైరు ఉన్న చేతి రీడర్. సాకెట్‌లో పెట్టగానే పనిచేస్తుంది, ఫోన్, యాప్, పాస్‌వర్డ్ ఏవీ అక్కర్లేదు. రెండోది, ఫోన్‌తో బ్లూటూత్ ద్వారా కలిసే అడాప్టర్. అంకెలు పెద్ద తెర మీద, గ్రాఫ్‌గా కనిపిస్తాయి, రికార్డు చేసుకోవచ్చు. మూడోది, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, గేర్‌బాక్స్ కంప్యూటర్లనూ చదివే స్కానర్. అక్కడ దానికి వంద డాలర్ల పైమాటే. ఇంటి అవసరానికి మొదటిది గానీ రెండోది గానీ చాలు. మన మార్కెట్‌లో నమ్మదగిన చేతి రీడర్ సుమారు 1,500 నుంచి 4,000 రూపాయల మధ్య వస్తుంది.

మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యేది మాత్రం నాలుగో రకం: ఈఎల్ఎమ్327 పేరుతో వచ్చే నకలు అడాప్టర్. అసలు ఈఎల్ఎమ్327 చిప్‌ని తయారుచేసింది ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే కెనడా కంపెనీ. మొదటి వెర్షన్‌కి నకలు చేయకుండా ఆపే రక్షణ లేకపోవడంతో ప్రపంచమంతా నకళ్ళు నిండిపోయాయి. 2022లో అసలు కంపెనీ మూతపడింది. ఈ నకళ్ళన్నీ పనికిరానివని కాదు. చాలా కార్లలో కోడ్ చదివే మేరకు పనిచేస్తాయి. కానీ కొన్ని ఆదేశాలు వాటికి తెలియవు, మధ్యలో లింకు తెగిపోతుంది, పాత కార్లతో మాట్లాడలేవు. పెట్టె మీద రాసిన వెర్షన్ నంబర్‌ని నమ్మడానికి వీల్లేదు. వెర్షన్ 1.5 అని గొప్పగా రాసి అమ్ముతుంటారు, ఆ నంబర్‌తో అసలు కంపెనీ ఏ చిప్పూ విడుదల చేయలేదు. అయిదు వందలు పెట్టి ప్రయత్నిద్దామనుకుంటే తిరిగి ఇచ్చే వీలున్నచోటే కొనండి, మొదటి రోజే మీ కారులో పెట్టి చూడండి.

కొనేటప్పుడు చూడాల్సిన గుణాలు నాలుగే. కోడ్ చదవడం, చెరపడం అన్నిటిలోనూ ఉంటాయి కాబట్టి వాటిని లెక్కలో పెట్టనక్కర్లేదు. ఒకటి, ఫ్రీజ్ ఫ్రేమ్ చూపించాలి. అంటే కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ వేగం, వేడి, బండి వేగం ఎంతున్నాయో కారు దాచుకున్న లెక్క. రెండు, ఇంజిన్ నడుస్తుండగా సెన్సార్ల అంకెలు ప్రత్యక్షంగా చూపించాలి. మూడు, రెడీనెస్ చూపించాలి. కాలుష్య నియంత్రణ భాగాలను కారు తనకు తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేది అదే. నాలుగు, అడాప్టర్ అయితే మీ ఫోన్‌తో కుదరాలి. మామూలు బ్లూటూత్ అడాప్టర్లు ఆండ్రాయిడ్‌తో కలుస్తాయి. ఐఫోన్‌కి వైఫై గానీ తక్కువ విద్యుత్తుతో నడిచే కొత్త రకం బ్లూటూత్ గానీ ఉన్నది కావాలి. వేలకొద్దీ కోడ్‌ల నిఘంటువు ఉందనీ, రంగుల తెర ఉందనీ చెప్పేదానికి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. ఏ కోడ్‌కి అర్థం కావాలన్నా ఫోన్‌లో వెతికితే దొరుకుతుంది.

కొన్ని జాగ్రత్తలు. సాకెట్‌లో ఒక పిన్నుకి తాళంచెవి తీసేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. అడాప్టర్‌ని అందులోనే వదిలేసి బండిని వారాలపాటు ఆపితే బ్యాటరీ దిగిపోవచ్చు. పని కాగానే తీసేయాలి. ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగితే కోడ్ చదవండి, అంతకు మించి ఇంట్లో దాన్ని విప్పకండి. చెక్ ఇంజిన్ దీపం నిలకడగా వెలిగితే ఒకటి రెండు రోజులు నడపొచ్చు. అదే టపటపా కొట్టుకుంటుంటే ఏదో సిలిండర్‌లో ఇంధనం మండకుండా సైలెన్సర్ వైపు పోతోందని అర్థం. అది పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. వేగం తగ్గించి వెంటనే ఆపాలి.

పరికరం కన్నా, కోడ్ వచ్చాక అక్కడి నిపుణులు ఎలా ఆలోచిస్తారన్నది మనం ఎక్కువగా గమనించాలి. కోడ్ మొదటి అక్షరం ఏ భాగం గురించో చెబుతుంది. పి అంటే ఇంజిన్, గేర్‌బాక్స్. సి అంటే బ్రేకులు, సస్పెన్షన్. బి అంటే బాడీ, ఎయిర్‌బ్యాగ్. యు అంటే కంప్యూటర్ల మధ్య సంభాషణ. ఆ పక్క అంకె సున్నా అయితే అది అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్, ఒకటి అయితే కంపెనీ సొంత కోడ్. ఏ కోడూ "ఈ పార్టు మార్చు" అని చెప్పదు. ఎక్కడ ఏ కొలత తప్పిందో మాత్రమే చెబుతుంది.

ఉదాహరణకు పి0301. మొదటి సిలిండర్‌లో ఇంధనం సరిగా మండటం లేదని దాని అర్థం. కారణం కాయిల్ కావచ్చు, స్పార్క్ ప్లగ్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. ఒక్కో సిలిండర్‌కి విడిగా కాయిల్ ఉన్న కార్లలో అక్కడివాళ్ళు మొదటి సిలిండర్ కాయిల్‌ని రెండోదానితో మారుస్తారు. కోడ్ చెరిపి మళ్ళీ నడుపుతారు. ఇప్పుడు పి0302 వచ్చిందంటే లోపం కాయిల్‌తో పాటు కదిలింది, కాబట్టి కాయిలే దోషి. పి0301 అక్కడే ఉంటే కాయిల్ మంచిదే, ప్లగ్ వైపు వెళ్ళాలి. రూపాయి ఖర్చు లేకుండా రుజువు దొరికింది.

పి0171 ఇంకొంచెం ఆలోచన అడుగుతుంది. ఇంజిన్‌కి గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని దాని సారాంశం. తొందరపడేవాళ్ళు ఆ సంగతి చెప్పిన ఆక్సిజన్ సెన్సార్‌నే మార్చేస్తారు. తెలిసినవాళ్ళు రీడర్‌లో ఫ్యూయెల్ ట్రిమ్ అంకె చూస్తారు. లోటు పూడ్చడానికి కంప్యూటర్ ఎంత శాతం అదనంగా పెట్రోల్ పోస్తోందో ఆ అంకె చెబుతుంది. అది సున్నాకి అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే మామూలే. లోపలికొచ్చే గాలిని ఎమ్ఏఎఫ్ సెన్సార్‌తో కొలిచే కార్లలో, బండి నిలబడి ఉన్నప్పుడు అంకె బాగా ఎక్కువగా ఉండి 2,500 ఆర్‌పీఎమ్‌కి పెంచగానే తగ్గితే ఎక్కడో రబ్బరు గొట్టం పగిలి దొంగగాలి లోపలికి పోతోందని అనుమానించాలి. వేగం, ఇంజిన్ మీద భారం పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంటే పెట్రోల్ సరఫరా వైపు చూడాలి. ఇరవై రూపాయల గొట్టంతో పోయేదానికి వేల రూపాయల సెన్సార్ కొనకుండా ఆపేది ఈ ఒక్క అంకె.

అలాగని అక్కడ అంతా ఇలాగే నడుస్తోందని కాదు. ఉచితంగా కోడ్ చదివే దుకాణం బతికేది పార్టులు అమ్మితేనే. కాగితం మీద కోడ్ పక్కనే ఒక పార్టు పేరు కనిపిస్తే కొనేసి బిగించి, దీపం మళ్ళీ వెలిగాక ఇంకోటి కొనేవాళ్ళు అక్కడా కొల్లలు. క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదనే పి0420 వస్తే సైలెన్సర్ గొట్టంలో లీకుందేమో, ప్లగ్గులు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడకుండా ఖరీదైన ఆ కన్వర్టర్‌నే మార్చి నష్టపోతుంటారు. ఈ విషయంలో మన షెడ్డు మెకానిక్ ఒక మెట్టు పైనే ఉన్నాడు. పార్టు మార్చే ముందు బాగుచేయడానికి చూస్తాడు, గొట్టం వేలితో నొక్కి చూస్తాడు, ఎలుక కొరికిన వైరుని వెతికి పట్టుకుంటాడు. వానాకాలం తర్వాత కనెక్టర్లలో చేరిన తడిని ఆరబెట్టి సగం సమస్యలు తీర్చేస్తాడు. ఆయన చేతి అనుభవానికి ఈ అంకెలు తోడైతే మన పద్ధతి అక్కడి పద్ధతి కన్నా మెరుగవుతుంది.

మనం నిజంగా వెనకబడింది చెరిపే దగ్గర. ఇక్కడ చాలాచోట్ల బ్యాటరీ టెర్మినల్ పీకి పెట్టడమో, స్కానర్ పెట్టి వెంటనే క్లియర్ నొక్కడమో చేస్తారు. దీపంతో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. లోపం మళ్ళీ వచ్చినప్పుడు వెతుకులాట మొదటి నుంచి మొదలవుతుంది. అక్కడ చెరపడం వల్ల లాభం లేకుండా వ్యవస్థే అడ్డుపడుతుంది. కాలిఫోర్నియాలో 2000, ఆ తర్వాతి మోడళ్ళకు కాలుష్య పరీక్ష అంటే ముఖ్యంగా ఈ సాకెట్‌లో వైరు పెట్టి చదవడమే. కోడ్ చెరిపితే రెడీనెస్ అంతా "పూర్తికాలేదు" అన్న స్థితికి వెళ్తుంది. కొన్ని రోజులు రకరకాల వేగాల్లో నడిపితేగానీ మళ్ళీ పూర్తికాదు. పూర్తికాని బండి పరీక్షలో పాస్ కాదు. కాబట్టి బాగుచేయకుండా చెరిపి గట్టెక్కే దారి లేదు. మన పొల్యూషన్ సర్టిఫికెట్ ఇప్పటికీ పొగగొట్టంలో పెట్టే గొట్టం మీద, డీజిల్ అయితే పొగ చిక్కదనం మీద ఆధారపడుతుంది. చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతున్నా ఆ సర్టిఫికెట్ చేతికి రావచ్చు.

ఇదే రెడీనెస్ సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళకి గొప్ప ఆయుధం. అక్కడ పాత కారు చూడటానికి వెళ్ళేవాళ్ళు జేబులో రీడర్ పెట్టుకెళ్తారు. దీపం వెలగకపోయినా రెడీనెస్ చాలావరకు పూర్తికాలేదని చూపిస్తే, అమ్మకానికి ముందు కోడ్ చెరిపారనో, బ్యాటరీ తీశారనో అర్థం. చాలా కార్లు చివరిసారి చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగాయో కూడా చెబుతాయి. పదకొండు కిలోమీటర్లని కనిపిస్తే అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. మన ఊళ్ళలో పాత కారు కొనేటప్పుడు పెయింట్, టైర్లు, సర్వీస్ రికార్డు చూస్తాం. సాకెట్‌లో రెండు నిమిషాలు రీడర్ పెట్టి చూడటం కూడా ఆ జాబితాలో చేర్చుకోవాలి. రీడర్ ఖరీదు ఆ ఒక్క రోజులోనే తిరిగొస్తుంది.

మనకే ప్రత్యేకమైన అవసరాలూ కొన్ని ఉన్నాయి. బీఎస్-6 డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, ఉంటుంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగితే అది తనను తాను శుభ్రం చేసుకునేంత వేడెక్కదు. పి2463 లాంటి కోడ్ మసి పేరుకుందని చెబుతుంది. చాలా కార్లలో సరైన యాప్‌తో మసి ఎంత శాతం ఉందో ముందే చూసుకోవచ్చు. పెరుగుతోందని కనిపిస్తే ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంట ఏకబిగిన నడిపితే సరిపోవచ్చు. ఫోర్డ్ కంపెనీ 2021లో మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించాక, ఆ కార్లున్నవాళ్ళలో కొందరు ఫోర్‌స్కాన్ అనే యాప్, ఒక మంచి అడాప్టర్ కలిపి తమ బండిని తామే చూసుకోవడం నేర్చుకున్నారు. మన దగ్గర నేర్పు లేకపోలేదనడానికి వాళ్ళే ఉదాహరణ.

కోడ్ చదివే హక్కు కోసం అమెరికాలోనూ పోరాడాల్సి వచ్చింది. మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు 2012లో ఓటు వేసి, డీలర్లకి దొరికే సమాచారం బయటి మెకానిక్‌లకీ దొరకాలన్నారు. 2014లో కార్ల కంపెనీలు దాన్ని దేశమంతటికీ వర్తింపజేయడానికి ఒప్పుకున్నాయి. 2023 అక్టోబర్‌లో యూరప్ న్యాయస్థానం, సాకెట్ ద్వారా వచ్చే సమాచారానికి కంపెనీలు తమ సొంత షరతులు పెట్టకూడదని తీర్పిచ్చింది. మన కాంపిటీషన్ కమిషన్ కూడా 2014 ఆగస్టులోనే, విడి భాగాలు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకి అందనివ్వడం లేదని 14 కార్ల కంపెనీల మీద సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు పై న్యాయస్థానాలకు వెళ్ళాయి. 2022 డిసెంబర్‌లో కేంద్రం మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచి, వాహనాలనూ అందులో చేర్చింది. చట్టపరంగా మన ఆలోచన సరైన దిశలోనే ఉంది. దాన్ని వాడుకునే యజమానులు, మెకానిక్‌లు పెరగాలి.

అందుకు చేయదగిన పనులు కష్టమైనవేమీ కావు. పొల్యూషన్ పరీక్ష కేంద్రంలో గొట్టంతో పాటు ఓబీడీ వైరు కూడా పెట్టేలా ప్రభుత్వం నిబంధన మార్చవచ్చు. ఆటోనగర్లలో స్పేర్ పార్టుల దుకాణాలు అమెరికా దుకాణాల్లా కోడ్ ఉచితంగా చదివితే గిరాకీ పెరగవచ్చు. అపార్ట్‌మెంట్ సంఘం మూడు వేలు పెట్టి ఒక మంచి రీడర్ కొని వాచ్‌మన్ గదిలో ఉంచితే యాభై కార్లకు సరిపోతుంది. ఇక ఇంటి పద్ధతి: ముందు చదవాలి, కోడ్‌నీ ఫ్రీజ్ ఫ్రేమ్‌నీ ఫోటో తీయాలి, ఆ ఫోటో మెకానిక్‌కి పంపాలి, బాగుచేశాకే చెరపాలి, వారం తర్వాత మళ్ళీ చూడాలి. షెడ్డులోనే చదివిస్తే బిల్లు మీద ఆ కోడ్ రాయమని మర్యాదగా అడగాలి. పది మంది అడిగితే ఆ షెడ్డులో అదే ఆనవాయితీ అవుతుంది. చదివి చెప్పే మెకానిక్‌కి పేరొస్తుంది, అనవసరంగా మార్చే పార్టులు తగ్గుతాయి, బండి వదిలే పొగా తగ్గుతుంది.